నోటికి వచ్చిన వాక్యమే సిలబస్‌లో ఎదురైతే ఎలా చదవాలి?

ఎంఏ_మొదటిఏడు:

అందరికీ నమస్తే. ఇంగ్లిష్ లిటరేచర్‌లో ఎంఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. బైబిల్ వాక్యాలు కంఠస్థం చేస్తూ పెరిగినదాన్ని. కీర్తనలు చాలావరకు, యెషయాలో కొన్ని అధ్యాయాలు, కొండమీది ప్రసంగం మొత్తం పుస్తకం చూడకుండా చెప్పగలను. ఇవన్నీ నా ప్రార్థనకు సంబంధించినవి, చదువులో వీటితో పని పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. తీరా ఇక్కడికి వచ్చాక ఏ పుస్తకం తీసినా అవే కనబడుతున్నాయి. ఫాక్నర్ 1936 నవల పేరు (అబ్సలోం, అబ్సలోం!) అబ్షాలోము కోసం దావీదు పెట్టిన ఏడుపు, హెమింగ్వే 1926 నవల పేరు (ద సన్ ఆల్సో రైజెస్) ప్రసంగి మొదటి అధ్యాయంలోది, హాబ్స్ 1651లో రాజ్యాధికారం మీద రాసిన గ్రంథానికేమో (లెవయతాన్) యోబు 41వ అధ్యాయంలోని మకరం పేరు. ఫుట్‌నోట్ చూడకముందే తెలిసిపోతుంది, ఆ క్షణం చాలా సంతోషంగా ఉంటుంది.

ఇబ్బంది ఆ తర్వాతే. ఒక ఉదాహరణ చెప్తాను. అమెరికా అధ్యక్షుడు లింకన్ 1865లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, రెండోసారి ప్రమాణం చేసినప్పటి ప్రసంగం చదువుతున్నాం. చివర్లో ఆయన 19వ కీర్తన ఎత్తుకుంటాడు, "యెహోవా న్యాయవిధులు సత్యమైనవి, అవి కేవలము న్యాయమైనవి" అని. అది చూడగానే నా మనసు ఆగకుండా తర్వాతి వచనంలోకి వెళ్లిపోయింది, అక్కడ ఆ న్యాయవిధులు మేలిమి బంగారం కంటే కోరదగినవి, తేనె కంటే మధురమైనవి అని ఉంటుంది కదా. ప్రసంగంలో దానికి ముందున్న మాటేమో బానిసల మీద కొరడా చిందించిన ప్రతి రక్తపు చుక్కకూ బదులుగా కత్తి మరో చుక్క చిందించేదాకా ఈ యుద్ధం సాగాలని దేవుడి చిత్తమైతే అని. ఆయన రక్తం దగ్గర ఉన్నాడు, నేను తేనె దగ్గర ఉన్నాను. పేరా అయిపోయింది, దానిలో ఏముందో నాకు పట్టలేదు.

ఇది ప్రతిసారీ జరుగుతోంది. తెలిసిన వాక్యం రాగానే చదవడం ఆగిపోయి వల్లించడం మొదలవుతుంది. మా టీచర్ "గుర్తుపట్టడం విశ్లేషణ కాదు" అన్నారు. తోటివాళ్లు మాత్రం నీకేంటి, అన్నీ ముందే తెలుసు అంటారు. అసలు ఇలా నోటికి రావడం సాహిత్యం చదివేవాళ్లకు మేలా, అడ్డా? ఇంకొకటి కూడా అడగాలి. నేను ప్రార్థనలో చెప్పుకునే మాటను క్లాసులో ఒక రాజకీయ వ్యూహంగా విడదీసి చూపిస్తుంటే లోపల ఏదో కలుక్కుమంటుంది. ఇలాంటిది మీలో ఎవరికైనా ఉందా?

నల్లసిరా:

పాఠం చెప్పే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి. మీ టీచర్ అన్నది నిజమే గానీ అక్కడితో ఆపేస్తే సగం మాటే అవుతుంది. గుర్తుపట్టడం విశ్లేషణ కాదు, కానీ మీకు జరిగినది గుర్తుపట్టడం ఒక్కటే కాదు. మీ మనసు తర్వాతి వచనంలోకి వెళ్లింది, లింకన్ వెళ్లలేదు. మీరు అడ్డంకి అనుకుంటున్నది అదే, నా లెక్కలో అది మీ వ్యాసానికి మొదటి వాక్యం. ఆ సభలో ఆయన ముందున్న జనంలో ఎంతోమందికి ఆ కీర్తన నోటికి వచ్చే ఉంటుంది, వాళ్ల చెవుల్లో కూడా తేనె మాట మోగే ఉంటుంది. అది తెలిసిన మనిషి న్యాయవిధి దగ్గరే ఆపేశాడు. తీపి దాకా వెళ్లనివ్వకుండా, నాలుగేళ్ల యుద్ధం తర్వాత, గెలుస్తున్న పక్షానికి కూడా ఓదార్పు ఇవ్వకుండా. కీర్తన తెలియనివాళ్లకు ఇది కనబడే అవకాశమే లేదు, ఎందుకంటే ఫుట్‌నోట్ "కీర్తనలు 19:9" అని మాత్రమే చెప్తుంది, పదో వచనంలో ఏముందో చెప్పదు.

దీనికంటే బలమైన ఉదాహరణ ఫ్రెడరిక్ డగ్లస్. 1852 జూలై 5న, స్వాతంత్ర్య దినం మర్నాడు, రోచెస్టర్‌లో ఆయన చేసిన ప్రసంగం మీకు సిలబస్‌లో లేకపోయినా చదవండి. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన మనిషి, ఆ పండుగ మీది, నాది కాదు అని ముఖం మీద చెప్పి 137వ కీర్తన ఎత్తుకుంటాడు, "బబులోను నదులయొద్ద" అని మొదలయ్యేది. చెరపట్టినవాళ్లే మాకు ఒక పాట పాడండి అని అడిగే కీర్తన అది, ఆ సభలో ఆయన పరిస్థితి అచ్చంగా అదే. నిన్ను మరిచిపోతే నా నాలుక అంగిలికి అంటుకుపోనీ అనే మాట దాకా చెప్పి ఆపేస్తాడు. అంటే ఆరో వచనం మధ్యలో. ఆ తర్వాత ఏముందో మీకు తెలుసు. తొమ్మిదో వచనంలో బబులోను పసిపిల్లలను బండకేసి కొట్టేవాడు ధన్యుడు అని ఉంటుంది. ఎదురుగా కూర్చున్నది బానిసత్వాన్ని వ్యతిరేకించే తెల్లవాళ్లు, బైబిల్ బాగా తెలిసినవాళ్లు. ఆ వచనాన్ని ఆయన పలకలేదు. పలకకపోయినా కీర్తన తెలిసినవాళ్ల మనసు అక్కడిదాకా పోకుండా ఉంటుందా? ఆ భయం వాళ్లలో పుట్టాలనే అక్కడ ఆపాడో, ప్రతీకారం తన మాట కాదని చెప్పడానికే ఆపాడో మనం వాదించుకోవచ్చు, నాకైతే రెండూ ఉన్నాయనిపిస్తుంది. కానీ ఆ వాదన మొదలుకావాలంటే ముందు ఆగిన చోటు కనబడాలి.

మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు ప్రసంగంలో ఆమోసు 5:24 కూడా అలాంటిదే. నీళ్లు పారినట్లు న్యాయం జరగనివ్వండి అనే మాట ఇప్పుడు అందరూ అందంగా గోడలకు తగిలించుకుంటారు. దానికి పైనున్న మూడు వచనాల్లో మీ పండుగలంటే నాకు అసహ్యం, మీ పాటల చప్పుడు నాకు వినబడనివ్వకండి అని దేవుడు భక్తుల మీదే విరుచుకుపడతాడు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలోనూ కింగ్ ఇదే ఆమోసు మాట వాడాడు, ఆ ఉత్తరం ఎవరికి రాశాడంటే ఓపిక పట్టమని సలహా ఇచ్చిన తెల్ల మతగురువులకు. పై మూడు వచనాలు తెలిసినవాళ్లకు ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో వెంటనే అర్థమవుతుంది.

కాబట్టి నా సలహా ఒక్కటే. తెలిసిన వాక్యం రాగానే మనసును ఆపకండి, పోనివ్వండి, అది ఎక్కడికి పోయిందో మార్జిన్‌లో రాసుకోండి. తర్వాత పేజీ దగ్గరికి వచ్చి రచయిత ఎక్కడ మొదలుపెట్టాడు, ఎక్కడ తెంచాడు, మూలంలో ఆ మాట ఎవరు ఎవరితో అన్నది, ఇక్కడ ఎవరు ఎవరితో అంటున్నారు అని చూడండి. ఆ రెండింటి మధ్య తేడా ఉన్న ప్రతిచోటా రాయడానికి మీకు ఏదో ఒకటి ఉంటుంది.

శాంతిపాఠం:

నాది ఫిలాసఫీ. నాకు భగవద్గీత, కొన్ని ఉపనిషత్తులు స్వరంతో సహా వచ్చు. పై పోస్టుతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక కలుపుతాను.

ఎమర్సన్ 1857లో బ్రహ్మం మీద ఒక చిన్న కవిత అచ్చువేశాడు, చంపేవాడు తాను చంపుతున్నాననుకున్నా, చచ్చినవాడు తాను చచ్చాననుకున్నా ఇద్దరికీ అసలు సంగతి తెలియదు అని మొదలవుతుంది. గీత వచ్చినవాళ్లెవరైనా ఇది రెండో అధ్యాయం 19వ శ్లోకం అని తడుముకోకుండా చెప్పేస్తారు. "ఉభౌ తౌ న విజానీతో నాయం హంతి న హన్యతే" నోట్లోకి వచ్చేస్తుంది. కానీ ఈ పాదం కఠోపనిషత్తులోనూ ఉంది, అక్కడ కూడా మొదటి అధ్యాయం రెండో వల్లిలో 19వ మంత్రమే. రెండిటికీ రెండో పంక్తి ఒకటే, మొదటి పంక్తి వేరు. కఠంలో "హంతా చేన్మన్యతే హంతుం హతశ్చేన్మన్యతే హతమ్", అంటే చంపేవాడు అలా అనుకుంటే, చచ్చినవాడు ఇలా అనుకుంటే అని. ఎమర్సన్ వాక్యం నడక దీనికే దగ్గర. గీత ఒక్కటే నోటికి వచ్చినవాడు గీత అని రాసేసి ముందుకు పోతాడు, ఎందుకంటే వాడి మనసులో ఆ పాదానికి ఒకే చిరునామా ఉంది. కంఠస్థం ఎంత గట్టిగా ఉంటే ఆ ధీమా అంత గట్టిగా ఉంటుంది, వెతికి చూడాలనే ఆలోచనే రాదు. మీ బైబిల్‌లో కూడా ఒకే మాట నాలుగైదు చోట్ల ఉండటం మామూలే కదా, రచయిత తీసుకున్నది ధర్మశాస్త్రం నుంచా, ప్రవక్త నుంచా, ప్రవక్తను తిరిగి చెప్పిన సువార్త నుంచా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది.

ఇక నోటికి రావడం వల్ల కలిగిన లాభం కూడా ఒకటి చెప్పాలి. ఎలియట్ 1922 కావ్యం 'ద వేస్ట్ ల్యాండ్' చివర్లో బృహదారణ్యకంలోని ఉరుము కథ వస్తుంది. ఉపనిషత్తులో ప్రజాపతి "ద" అని ఒక్క అక్షరం పలికితే దేవతలు దామ్యత అని, మనుషులు దత్త అని, అసురులు దయధ్వమ్ అని అర్థం చేసుకుంటారు. ముందు నిగ్రహం, తర్వాత దానం, తర్వాత దయ. ఎలియట్ దగ్గర దత్త, దయధ్వమ్, దామ్యత అని ఉంటుంది. కావ్యం ఏ టీకా లేకుండా చదువుతున్నప్పుడే నా చెవికి ఆ వరస తేడాగా తగిలింది. మనిషికి చెప్పిన మాటను ముందుకు తెచ్చి, దేవతలకు చెప్పిన నిగ్రహాన్ని చివరికి నెట్టాడు, పైగా దేవతలు, మనుషులు, అసురులు అనే విభజన మొత్తం ఎత్తేశాడు. ఆఖరి పంక్తిలో శాంతిః మూడుసార్లు ఉంది, ముందు ఓంకారం లేదు. శాంతిపాఠం చెప్పే అలవాటున్నవాళ్లకు అక్కడ ఊపిరి అందనట్టుంటుంది. ఇది ముగింపా లేక ముగింపు దొరకలేదని చెప్పడమా అని నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

పాతప్రతి:

అందరూ జ్ఞాపకాన్ని మెచ్చుకుంటున్నారు, నేను దాని గురించి కొంచెం కఠినంగా చెప్పాలి. రాతప్రతులు చదివే పని నాది. నోటికి వచ్చిన మనిషి కన్ను పేజీ మీద లేనిదాన్ని చదువుతుంది. ఇది ఇప్పటి విద్యార్థుల సమస్య కాదు, పాత లేఖకులదీ ఇదే సమస్య. ప్రభువు ప్రార్థన మత్తయి 6లో పొడవుగా ఉంటుంది, లూకా 11లో పాత ప్రతుల ప్రకారం చాలా పొట్టిగా ఉంటుంది. రోజూ మత్తయి రూపాన్నే చెప్పుకునే లేఖకులు లూకా రాస్తున్నప్పుడు చెయ్యి అలవాటున పోయి మత్తయి మాటలు చేర్చేశారు, అందుకే తర్వాతి కాలపు ప్రతుల్లో ఎక్కువ వాటిలో లూకా ప్రార్థన కూడా పొడవైపోయింది. 1611 ఇంగ్లిష్ బైబిల్‌లోకీ ఆ పొడవు రూపమే వచ్చింది. చెడగొట్టాలని ఎవరూ చేయలేదు. భక్తితోనే, బాగా తెలిసి ఉండటం వల్లే చేశారు.

మనం కంఠస్థం అనుకునేదాంట్లో మనం చదవనిది కూడా కలిసిపోయి ఉంటుంది. ఆదికాండము 3లో ఆ పండు ఏ పండో చెప్పలేదు. మత్తయి 2లో జ్ఞానులు ఎంతమందో లేదు. సింహం పక్కన గొర్రెపిల్ల పడుకుంటుంది అని చాలామంది ధైర్యంగా యెషయా పేరు చెప్తారు, యెషయా 11:6లో గొర్రెపిల్లతో ఉండేది తోడేలు. ఏదెనులో సర్పమే సాతాను అని ఆదికాండము చెప్పదు, మిల్టన్ 1667లో ఆ కథను అంత బలంగా చెప్పాడు కాబట్టి ఇప్పుడు మూలం చదువుతున్నా మనకు మిల్టనే వినబడతాడు.

వ్యాసంలో ఒక్క వాక్యం కూడా జ్ఞాపకం నుంచి రాయకండి. ప్రతిసారీ పుస్తకం తెరవండి, అదీ ఆ రచయిత చేతిలో ఉండదగిన పుస్తకం. షేక్‌స్పియర్ నాటకాలు దాదాపు అన్నీ 1611కు ముందువే, ఆయనకు తెలిసినవి 1560 నాటి జెనీవా బైబిల్, 1568 నాటి బిషప్‌ల బైబిల్. 1611 పాఠంతో పోల్చి ఇక్కడ మాట మార్చాడు అని రాస్తే, ఆయన మార్చనే లేదని తేలవచ్చు.

శిలాక్షరం:

నేను హాఫిజ్‌ని, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేసినవాడిని, చదువుతున్నది చరిత్ర, ముఖ్యంగా శాసనాలు. పాతప్రతి గారు చెప్పిన ప్రమాదం నిజమే, అరిగిపోయిన రాతి మీద రెండు అక్షరాలు కనబడగానే ఆయతు (ఖురాన్ వాక్యం) మొత్తం మనసులో పూర్తయిపోతుంది, రాతి మీద నిజంగా అలాగే ఉందా అని మళ్లీ అక్షరం అక్షరం చూడాలి. కానీ కంఠస్థం చేయడంలోనే జాగ్రత్త నేర్పే భాగం ఒకటి ఉంది. ఖురాన్‌లో ఒకదానికొకటి దగ్గరగా ఉండే ఆయతులు చాలా ఉన్నాయి, మమ్మల్ని ఎక్కువ కష్టపెట్టేవి అవే. పేదరికం వల్ల పిల్లలను చంపకండి అనే ఆజ్ఞ 6:151లోనూ 17:31లోనూ ఉంది. మొదటిదాంట్లో మీకూ వాళ్లకూ ఆహారమిచ్చేది మేమే అని, రెండోదాంట్లో వాళ్లకూ మీకూ అని. మొదటిది ఇప్పటికే పేదరికంలో ఉన్నవాళ్లతో, రెండోది పేదరికం వస్తుందేమోనని భయపడేవాళ్లతో. ఒకటి చెప్పబోయి రెండోదాంట్లోకి జారిపోతే గురువు అక్కడే ఆపేస్తారు. ఇలా ఏళ్ల తరబడి చిన్న తేడాల మీదే చెవి పెట్టి నేర్చుకున్నవాళ్లు, ఆ చెవిని చదువులోకి తెచ్చుకోగలిగితే, చాలా నిశితంగా చదువుతారు.

జెరూసలేంలోని డోమ్ ఆఫ్ ద రాక్ అనే ఇస్లామిక్ కట్టడం లోపల హిజ్రీ 72 నాటి, అంటే క్రీ.శ. 691-92 నాటి శాసనం ఉంది, ఖలీఫా అబ్దుల్ మలిక్ కాలంది. అందులో మర్యమ్ సూరా (అధ్యాయం) 33వ ఆయతు వస్తుంది. ఖురాన్‌లో అక్కడ ఊయలలోని ఈసా (యేసు) స్వయంగా మాట్లాడతాడు, నేను పుట్టిన రోజున, చనిపోయే రోజున, తిరిగి లేచే రోజున నాకు శాంతి అని. శాసనంలో "అతనికి శాంతి" అని ఉంది. నోటికి వచ్చినవాడికి మొదట తప్పు రాశారేమో అనిపిస్తుంది, ఆగి చూస్తే తప్పు కాదు. దానికి ముందు దేవుడా, నీ ప్రవక్త ఈసాను దీవించు అనే ప్రార్థన ఉంది, దానికి తగ్గట్టు మాట్లాడే మనిషి మారాడు. క్రైస్తవ చర్చిలతో నిండిన నగరంలో, ఈసా దేవుడి కుమారుడు కాదు, ప్రవక్త అని చెప్పే ఆయతులను ఏరి కూర్చి రాయించిన శాసనం అది. ఎవరు రాయించారు, ఎవరు చదవాలని, ఎందుకు అప్పుడే అనేవి చరిత్రకారుడు అడిగి తీరాల్సిన ప్రశ్నలు.

మీ రెండో ప్రశ్న గురించి. అవును, నాకూ అలాగే కలుక్కుమనేది. నమాజులో చెప్పే ఆయతును రాజకీయ సాక్ష్యంగా బల్ల మీద పెట్టి మాట్లాడుతుంటే లేచి వెళ్లిపోవాలనిపించేది. ఇప్పుడు నేను వేరుచేసుకున్నది ఏమిటంటే, క్లాసులో మేం విచారిస్తున్నది ఆయతును కాదు, ఒక పాలకుడు ఒక సంవత్సరంలో ఒక గోడ మీద దాన్ని రాయించిన పనిని. ఆ పని మనుషులది, దానికి కారణాలు ఉంటాయి, అడగవచ్చు. లింకన్ అయినా డగ్లస్ అయినా అంతే. మీ కీర్తన మీ ప్రార్థనలో ఎప్పటిలాగే ఉంటుంది. ఒక్కోసారి అది కూడా చాలదు, ఆ రోజు క్లాసు అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు ఒక్కడినే కూర్చుంటాను. అలా ఉండటం తప్పని నేను అనుకోను, అసలు ఏమీ అనిపించని రోజు వస్తే ఎక్కువ బాధపడతాను.

ఎంఏ_మొదటిఏడు:

అందరికీ చాలా థాంక్స్. నల్లసిరా గారూ, డగ్లస్ ప్రసంగం రాత్రి చదివాను, 137 ఆగిన చోట నేనూ ఆగిపోయాను. శిలాక్షరం గారూ, మీరు రాసిన చివరి నాలుగు వాక్యాలు నాకు చాలా అవసరమైనవి. లింకన్ మీదే పేపర్ రాద్దామనుకుంటున్నాను, మత్తయి నుంచి ఆయన తీసుకున్న రెండు మాటలు కూడా కలిపి.

ఒక చిన్న సందేహం. వచ్చే సెమిస్టర్‌కు అగస్టీన్ ఆత్మకథ ఉంది, ఇప్పుడే తెరిచి చూస్తున్నాను. పేజీకి నాలుగైదు కీర్తనలు ఉన్నట్టున్నాయి, ఎక్కడా నేను ఫలానా కీర్తన చెప్తున్నాను అని ఆయన అనడు, తన మాటలోనే కలిపేస్తాడు. నా దగ్గరున్న అనువాదంలో మార్జిన్‌లో కీర్తన నంబర్లు ఇచ్చారు, కానీ నాకు తెలిసినవాటితో కలవడం లేదు, చాలాచోట్ల ఒకటి తక్కువ ఉంది. పుస్తకంలో అచ్చుతప్పులా?

పాతప్రతి:

అచ్చుతప్పు కాదండీ. కీర్తనలకు రెండు లెక్కలు ఉన్నాయి. మీ బైబిల్ హీబ్రూ లెక్కది. అగస్టీన్ చదివిన లాటిన్ కీర్తనలు గ్రీకు లెక్కవి. గ్రీకులో 9, 10 కలిపి ఒకే కీర్తన, అందుకని మీ 11 అక్కడ 10 అవుతుంది, అలా 113 దాకా ఒకటి తక్కువ నడుస్తుంది. మీ 114, 115 కలిసి అక్కడ 113. మీ 116 రెండుగా విడిపోయి 114, 115. మళ్లీ 117 నుంచి 146 దాకా ఒకటి తక్కువ. మీ 147 రెండుగా విడిపోయి 146, 147 అవుతుంది, 148 నుంచి రెండు లెక్కలూ ఒకటే. డాంటే కావ్యంలో పర్గెటరీ (శుద్ధిలోకం) భాగం రెండో సర్గలో ఆత్మలు పాడుకుంటూ వచ్చే ఐగుప్తు కీర్తన మీకు 114, ఆయనకు 113.

మార్జిన్‌లో ఉన్న నంబర్లు, ఉద్ధరణ గుర్తులు అన్నీ ఇప్పటి సంపాదకులు పెట్టినవి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసినది, ఇప్పుడు వాడే వచన సంఖ్యలు 16వ శతాబ్దం మధ్యలో రోబెర్ ఎస్టియెన్ ముద్రణలతో వచ్చాయి, కొత్త నిబంధనకు 1551లో. అగస్టీన్ రాసింది క్రీ.శ. 400 ప్రాంతంలో. కాబట్టి సంపాదకుడు గుర్తుపెట్టని చోట కూడా మీకు కీర్తన వినబడితే, అది నిజంగా ఉండే అవకాశం ఉంది, పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తర్వాత లాటిన్ కీర్తనల పాఠంతో పోల్చి చూడండి. మార్జిన్‌లో రెండు నంబర్లూ రాసుకుంటే పేపర్ రాసేటప్పుడు తికమక ఉండదు.